ఏసుపాదం రెండో చాటింపు

మా ఊళ్లో సర్కారు మాట ఏదైనా ముందు ఏసుపాదం నోట పడాలి. ఆ తర్వాతే అది మాట. చావడి గోడకు గంజి పూసి అతికించిన కాగితం మీద ఎంత పెద్ద ముద్ర ఉన్నా అది ఉర్దూలో ఉంటుంది. మేకలు వచ్చి ఆ గంజిని నాకి పోతాయి. శిస్తు కట్టాలన్నా, లెవీ వడ్లు కొలవాలన్నా, అధికారుల సామాను మోయడానికి బండ్లు కట్టాలన్నా, చివరికి ఎవరిదో బర్రె తప్పిపోయిందన్నా డప్పు మోగాల్సిందే. "డప్పయిందా?" అని అడుగుతారు మావాళ్లు. అయిందంటే ఇక వాదన లేదు.

ఏసుపాదం పొడుగు మనిషి. ఏళ్ల తరబడి డప్పు వేలాడి ఎడమ భుజం కిందికి దిగింది. మాటల్లో పెట్టుకుంటే సిగ్గుపడతాడు, నేల చూస్తూ గొణుగుతాడు. అదే మనిషి చేతికి డప్పు కొట్టే సిర్ర, చిటికెన పుల్ల వచ్చాయంటే గొంతు ఊరవతలి చెరువు కట్ట దాకా పోతుంది. వాళ్ల నాయన ఇదే పని చేశాడు, తాత కూడా ఇదే చేశాడు. అందుకు సర్కారు ఇచ్చిన మాన్యం గుట్ట వాలులో ఉంది. దాంట్లో రాళ్లు తప్ప పండేదేమీ లేదు. ఇల్లు గడిచేది మేరతోనే. కల్లాల దగ్గర వడ్ల రాశి పడ్డాక కమ్మరి, వడ్రంగి, చాకలి వరసలో డప్పు మనిషికీ రైతు ఇంత కొలిచి పోస్తాడు. అది జీతం కాదు, బిచ్చమూ కాదు. ఏడాది పొడుగునా ఆయన మాట విన్నందుకు ఊరు పెట్టే అన్నం.

బాప్తిస్మం తీసుకున్నప్పుడు సూర్యాపేట నుంచి వచ్చిన పాస్టరు రెండు వదలమన్నాడు, జాతర డప్పు, కల్లు. ఏసుపాదం రెండూ వదిలాడు. సర్కారు చాటింపు సంగతి పాస్టరు ఎత్తలేదు, ఈయనా అడగలేదు. కల్లు మానినప్పుడు ఊరంతా నవ్వింది. "ఈదులన్ని ఎండిపోతయిరా ఏసుగా" అన్నారు. ఈత చెట్లు ఎండిపోలేదు గానీ ఆయన మళ్లీ ముంత ముట్టలేదు. పండగ నాడు బలవంతం చేసినా ముట్టలేదు. ఇది ఊరందరికీ తెలుసు. తెలుసన్న మాట మీరు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఊరు మరిచిపోయింది.

శిస్తు వసూలు చేసే మాలీ పటేలు పేరు మట్టారెడ్డి. ఆయన మా నాయనకు అన్న, మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. నేను దాచి రాశానని రేపు ఎవరూ అనకూడదు.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. రజాకార్లు పోయారు, ఊరి బయట పోలీసుల క్యాంపు వచ్చింది, హైదరాబాదులో సర్కారు మారింది. మా ఊళ్లో మాత్రం మారినదేమీ లేదు. అదే చావడి, అదే పటేలు. శిస్తులో రూపాయికి ఒక అణా లోకల్ ఫండు అని అదనంగా తీసుకునేవాళ్లు. బాటలకూ బడులకూ దవాఖానలకూ అన్నారు. మా ఊరికి బాట లేదు, బడి లేదు, దవాఖాన అంటే సూర్యాపేటే. అణా మాత్రం ఏటా పోయేది.

ఆ వానాకాలం చెరువుకు గండి పడింది. కట్ట కింద తరి పొలాల్లో వరి సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం మీద ఇసుక మేట వేసింది. ఇలాంటప్పుడు సర్కారు శిస్తు మాఫీ చేస్తుందని పెద్దవాళ్లకు ఆశ. పటేలు తహశీలు కచేరికి పోయి వచ్చాడు. మర్నాడు ఏసుపాదాన్ని పిలిచి హుకుం చెప్పాడు. ఏసుపాదం ఇంటి ముందు గడ్డి మంట వేసి తోలు బిగిసేలా డప్పు కాచాడు, మెడలో వేసుకున్నాడు, వీధి వీధి తిరిగాడు.

"యినుండ్రి, యినుండ్రి! తహశీలు సర్కారు హుకుం, మాలీ పటేలు దొర హుకుం! తరి భూములకు శిస్తు పూరాగ కట్టాలె. మాఫీ లేదు. పున్నమి లోపల కట్టనోళ్ల గొడ్డూగోదా జప్తు అయితయ్!"

నేనప్పుడు ఊళ్లో లేను. కాలేజీ వదిలేశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాక మిర్యాలగూడలో ఒక స్నేహితుడి సైకిలు దుకాణంలో పంక్చర్లు వేస్తున్నాను. కాబట్టి ఆ పది పదిహేను రోజులు ఊరు ఎలా గడిచిందో తర్వాత విన్నదే. గొర్రెలూ ఇంత పొలమూ ఉన్న కాటయ్య తన జత ఎడ్లలో ఒకదాన్ని కోదాడ సంతకు తోలుకుపోయి అమ్మాడు. అవతలి జిల్లా బేరగాడు ఎద్దు పళ్లు చూసి, మనిషి మొహం చూసి, మొహాన్ని బట్టి ధర కట్టాడట. మొగుడు లేని లింగమ్మ కాళ్ల కడియాలు తీసి సూర్యాపేట సావుకారు దగ్గర పెట్టింది. అవి ఊడి రాకపోతే ఆముదం రాసి లాగారు. చీలమండల దగ్గర తోలు లేచింది. ఎవరూ గొణగలేదు. డప్పయింది మరి.

ఇంటికి వద్దామని నేను మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు బొగ్గుతో నడిచే బస్సులో వచ్చిన రోజు అక్కడ అంగడి. ఉప్పు బస్తాల పక్కన ఏసుపాదం కనిపించాడు. డప్పుకు వేయడానికి మేక తోలు బేరం చేస్తున్నాడు. ఆయన పక్కన మోతె ఊరి డప్పు మనిషి గట్టయ్య ఉన్నాడు. ఇద్దరూ బావా బావమరుదులు.

"ఏం బావా, మీ ఊర్ల గూడ సగం మాఫీ అయింది గద. రైతులు ఏమన్న ముట్టజెప్పిండ్రా నీకు?" అన్నాడు గట్టయ్య. "నేను మాఫీ సాటిన్నాడు ఒక ముసలాయన నన్ను కౌగిలిచ్చుకున్నడు. మాదిగోన్నని మర్సిపోయి కౌగిలిచ్చుకుని, మల్ల యాదికొచ్చి వోయి తానం జేసిండు." అని పడీ పడీ నవ్వాడు.

ఏసుపాదం నవ్వలేదు. "ఏ మాఫీ?"

"గండ్లు వడ్డ సెర్ల కింద సగం శిస్తు మాఫీ. పదూర్లకు ఒక్కటే హుకుం. మీ ఊరు పేరు గూడ ఉన్నది. మా పటేలు సదువుతుంటే నా సెవులార యిన్న."

"మాకు లేదు బావా. నేను పూరా అని సాటిన."

గట్టయ్య నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. నా వైపు చూశాడు, నేనెవరో పోల్చుకున్నాడు, తోలు బేరం ఉందని లేచి వెళ్లిపోయాడు.

దారంతా ఏసుపాదం నా వెనకే నడిచాడు, పక్కన నడవమంటే నడవలేదు. చివరికి మోదుగు చెట్ల దగ్గర నోరు విప్పాడు.

"సిన్న పటేలా, దొర కాగితం తప్పు సదివిండ్రేమో."

"తప్పు చదవలేదు. తిన్నాడు," అన్నాను.

"గట్లనొద్దు. మీ పెద్దనాయిన గద."

"పెద్దనాయిన కాబట్టే తెలుసు."

"నేను వోయి అడుగుత. మల్ల హుకుం ఇయ్యుండ్రి దొరా, ముందు సాటింది తప్పని సాటుత అని అడుగుత. డప్పు తోని సెప్పింది డప్పు తోనే తియ్యాలె గద. నోటితోని సెప్తె ఎవలు నమ్ముతరు?"

దొంగ దగ్గరికి పోయి దొంగతనం చాటడానికి అనుమతి అడుగుతానంటున్నాడు. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. కానీ ఆయన లెక్క ఆయనకుంది. హుకుం లేకుండా డప్పు కొట్టడం మా దగ్గర నేరం, మాన్యం పోతుంది. హుకుం ఇచ్చేది మాలీ పటేలు ఒక్కడే. చెప్పిన మాట వెనక్కి తీసుకోకపోతే ఇక మీద తన నోరు ఊళ్లో పనికిరాదు. ఆయనకు అర్థమైనది ఇంతే. ఆయనకు ఉన్న ఆస్తీ ఇంతే.

సాయంత్రం మా ఇంటి వాకిట్లో తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దనాయిన మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నాడు. నేను అరుగు మీద ఉన్నాను.

"ఏందిరా ఏసుగా?"

"నీ బాంచెన్ దొరా. మోతెల మాఫీ అని సాటిండ్రట. మన ఊరు పేరు గూడ ఉన్నదట."

"ఎవడు జెప్పిండు?"

"అంగట్ల యిన్న."

"అంగట్ల గాడిదలు గూడ అమ్ముతరు. కొనుక్కొచ్చినవా?"

"లేదు దొరా. తప్పు వడ్డదేమో, హుకుం ఇస్తె మల్ల..."

పెద్దనాయిన వక్క నోట్లో వేసుకున్నాడు. తర్వాత లోపలికి పోయి ఒక కొత్త పంచె తెచ్చాడు. బట్ట కంట్రోలులో ఉన్న రోజులు. మిల్లు పంచె కావాలంటే కార్డు కావాలి, వరస కావాలి, అదృష్టం కావాలి. ఆ పంచె మడత విప్పకుండా ఏసుపాదం భుజం మీద వేశాడు.

"మంచిగ పని జేస్తున్నవు. పండుగకు కట్టుకో. మాఫీ సంగతి నాకెరుక, వచ్చినప్పుడు నేనే జెప్త. పో."

దొర భుజాన వేసిన బట్టను కింద పెట్టడం ఏసుపాదానికి తెలియదు. వాళ్ల నాయనకూ తెలియదు. చేతులు జోడించి వెనక్కి నడిచాడు. మా వాకిలి నుంచి మాదిగవాడకు పోవాలంటే పెద్ద వీధి తప్ప దారి లేదు. పొలాల నుంచి జనం ఇళ్లకు వచ్చే వేళ. తెల్లటి పంచె భుజం మీద పెట్టుకుని ఆయన ఆ వీధి పొడుగునా నడిచాడు. దాన్ని చంకలో దాచినా బాగుండేది. అంత ఉపాయం ఉంటే ఆయన అక్కడికి వెళ్లేవాడే కాదు.

అంగడికి పోయి వచ్చింది మేమిద్దరమే కాదు. మాఫీ సంగతి అప్పటికే ఊళ్లోకి వచ్చేసింది. పంచె కూడా ఊరంతా చూసింది. రెండూ కలిపి కూడుకోవడానికి చదువు అక్కర్లేదు.

"మస్తుగున్నది ఏసుగా పంచె!" కాటయ్య తన గడపలోంచి కేక వేశాడు. "నా ఎద్దు తోలుతోని నేసిండ్రా ఏంది?"

వీధి నవ్వింది. ఏసుపాదం ఆగాడు, ఏదో చెప్పబోయాడు, మెడ వంచుకుని నడిచాడు. ఆగి మళ్లీ నడవడమే ఆయన కొంప ముంచింది. తప్పు చేసినవాడే అలా నడుస్తాడని అందరికీ అనిపించింది.

ఇంట్లో ఆయన భార్య జానమ్మ పంచెను చేత్తో ముట్టలేదు. పొయ్యి కట్టెతో లేపి గడప అవతల వేసింది. జానమ్మ పొట్టి మనిషి, మాట పొడుగు. నాట్లేసే చోట ఆమె గొంతు వింటే మేస్త్రీలు అవతలి గట్టున పని చూసుకునేవాళ్లు.

"హుకుం అడగవోయి లంచం తెచ్చుకున్నవా?"

"లంచం గాదే. ఏసిండ్రు, ఏం జేద్దు?"

"నువ్వేమన్న గుంజవా, ఏది వడితే అది మోస్తానికి?"

ఇంకో నెలకు కోతలయ్యాయి. ఇసుక మేటలోంచి మిగిలిన వరి కోసి కల్లాలు చేశారు. రాశులు చిన్నవే. మేర తీసుకునే వాళ్లంతా గోనె సంచులతో తిరుగుతున్నారు. ఏసుపాదం రోజూ పొద్దున సంచి మడిచి చంకలో పెట్టుకునేవాడు, చెరువు కట్ట దాకా పోయేవాడు, అక్కడ కూర్చుని తిరిగొచ్చేవాడు.

"ఇయ్యలేదా?" అనేది జానమ్మ.

"ఇంక తూర్పార వట్టలే."

"ఊరంతా తూర్పార వట్టి గుమ్ములు నింపుకున్నరు. నీ సిగ్గును ఉడుకబెట్టి పెట్టన్నా పోరగాండ్లకు?"

ఒకనాడు పోరు పడలేక కాటయ్య కల్లానికి పోయాడు. అందరికీ పోయడం అయ్యాక చివరలో, రాశికి దూరంగా నిలబడ్డాడు. కాటయ్య చాట నిండా వడ్లు తీశాడు. మనసు లేని మనిషేం కాదు, నిండుగానే తీశాడు.

"దా, పట్టు."

ఏసుపాదం సంచి మూతి తెరిచాడు.

"సంచి గాదు. పటేలు కప్పిన పంచె లేదా? అది పట్టు, అండ్ల పోస్త. మంచి బట్ట, గింజ కారది."

కల్లంలో ఉన్నవాళ్లు నవ్వలేదు. ఎవరో దగ్గారు. ఏసుపాదం సంచి మూతి మూసుకుని వచ్చేశాడు. ఆ ఏడు ఇంకే కల్లానికీ పోలేదు.

నేను చేయగలిగింది నేను చేశాను. కాటయ్యనూ లింగమ్మనూ ఇంకో నలుగురైదుగురినీ వెంటబెట్టుకుని సూర్యాపేట తహశీలు కచేరికి పోయాను. ఉర్దూలో అర్జీ నేనే రాశాను. మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు. మా అమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చోకుండా లోపలికి పోయేది. పెద్దనాయిన మాత్రం మామూలుగానే ఉన్నాడు. "తిన్నవారా?" అని అడిగేవాడు.

విచారణకు గిర్దావరు వచ్చాడు. పటేళ్ల మీద తనిఖీ చేసే అధికారి. ముందు మా ఇంట్లోనే దిగాడు, కోడి కూరతో భోంచేశాడు, కాసేపు నిద్రపోయాడు. తర్వాత చావడికి వచ్చాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్లు ఎదుటి గోడ నీడలో కూర్చున్నారు.

"పూరా శిస్తు అని చాటింది ఎవరు?"

ఏసుపాదం ముందుకొచ్చాడు. "నేనే సర్కార్."

"మాఫీ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"నాకు సెప్పలే సర్కార్."

పెద్దనాయిన కుర్చీలో నుంచి కొంచెం నవ్వాడు. కోపం లేని నవ్వు, పిల్లవాడి తప్పు మీద నవ్వేలాంటిది. "వానికి నేను జెప్పిన సాబ్. సగం మాఫీ అని నా నోటితోని జెప్పిన. కల్లు మీద ఉన్నడో ఏమో, పూరా అని ఒర్లి వచ్చిండు. రైతులు భయపడి పూరా తెచ్చి కట్టిండ్రు. ఎక్కువ వచ్చింది నేను ముట్టలే, అమానతు కింద దాచి పెట్టిన." గుడ్డ మూట ఒకటి బల్ల మీద పెట్టాడు. "ఇగో. ఎవలది వాళ్లకు ఇచ్చేయుండ్రి."

మూట బల్ల మీద పడిన చప్పుడుకు చావడిలో మెడలన్నీ ఒక్కసారి లేచాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా మెడ కూడా లేచింది. ఆ మూట ఎప్పుడు కట్టాడో, అర్జీ పడ్డాకే కట్టాడని నాకు తెలుసు. కానీ అది అక్కడుంది, కంటి ముందు.

"అబద్ధం!" అన్నాను. "ఏసుపాదం కల్లు మానేసి ఏళ్లయింది. ఊళ్లో ఎవర్నైనా అడగండి."

"ఈ అబ్బాయి ఎవరు?"

"మా తమ్ముని కొడుకు సాబ్. కాలేజి ఇడిసిపెట్టి తిరుగుతుండు," అన్నాడు పెద్దనాయిన.

చావడి నవ్వింది. నేను లేవబోతే పక్కనున్న కాటయ్య నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

"సిన్న పటేలా, జర ఊకో. నీకు దండం వెడ్త. పైసలు వస్తున్నయ్."

గిర్దావరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "చూడండి. చాటింపులో తప్పు జరిగిందంటే ఇక్కడికిక్కడే ఖతం. పైసలు ఇప్పుడే పంచేస్తాను. కాదు, పటేలుదే తప్పు అంటే కేసు కచేరికి పోతుంది. మూట కూడా కచేరికే పోతుంది. ఎప్పుడు తిరిగొస్తుందో నేను చెప్పలేను. ఏసుపాదం కల్లు తాగి చాటలేదని ఎవరైనా సాక్ష్యం చెబుతారా?"

ఏసుపాదం జనం వైపు తిరిగాడు. ఒక్కొక్కరి మొహం చూశాడు. చూసిన మొహమల్లా పక్కకు తిరిగింది. కాటయ్య చావడి దూలాన్ని చూశాడు. లింగమ్మ తన చీలమండల మీద మానుతున్న పుండును చూసుకుంది. అర్జీ మీద ముందుగా వేలిముద్ర వేసింది ఆమే.

ఏసుపాదం మళ్లీ గిర్దావరు వైపు తిరిగాడు.

"నోరు నాదే సర్కార్," అన్నాడు. "తప్పు నాదే రాసుకోండ్రి."

గోడ నీడలోంచి జానమ్మ లేచింది. "ఏందయ్యా నువ్వనేది? ఎన్నడు తాగినవు? ఓ అయ్యా, గిర్దావరు సాబూ..."

"ఆడోళ్లకు చావడిల మాట లేదు," అని పెద్దనాయిన అన్నాడు. గిర్దావరు అప్పటికే రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ తలెత్తకుండానే చెప్పాడు, "తప్పు చాటినవాడే సరిగా చాటాలి. ఈ పూటే. పటేలుగారు, హుకుం ఇవ్వండి."

అట్లా ఏసుపాదం అడిగిన హుకుం దొరికింది.

పైసలు పంచుతుండగానే గడ్డి మంట వేసుకుని డప్పు కాపుకున్నాడు. వరసలో నిలబడ్డవాళ్లు ఆ పొగ వైపు చూడలేదు. చాటింపు ఎప్పటిలాగే చావడి నుంచి బయల్దేరింది. చాటింపు వెంట ఆడవాళ్లు నడవరు. జానమ్మ నడిచింది. కొంగు నడుముకు దోపి ఆయనకు నాలుగడుగుల ముందు నడిచింది.

మొదటి మలుపు దగ్గర డప్పు మోగింది. ఆ గొంతు నేను మరిచిపోలేను. ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట తగ్గించలేదు. బర్రె తప్పిపోతే ఎంత గట్టిగా చాటుతాడో అంత గట్టిగా చాటాడు.

"యినుండ్రి, యినుండ్రి! తహశీలు సర్కారు హుకుం, మాలీ పటేలు దొర హుకుం! తరి భూములకు శిస్తు సగం మాఫీ! ముందుగాల పూరా అని సాటింది తప్పు! ఆ తప్పు సేసింది ఏసుపాదం! కల్లు దాగి సేసిండు!"

"అబద్ధం!" అని అరిచింది జానమ్మ.

వీధి బిత్తరపోయింది. ఏసుపాదం పుల్ల దించి, "ఊకోయే, పరువు తియ్యకు" అన్నాడు.

"ఉన్నదా తియ్యనీకి? నీ నోరు నువ్వు దొరకు ఇచ్చినవు. నా నోరు నా తాన్నే ఉన్నది."

రెండో మలుపులోనూ అంతే. మాఫీ అని ఆయన, అబద్ధం అని ఆమె. పిల్లలు మొదట నవ్వుతూ వెంటపడ్డారు. పెద్దవాళ్లు వచ్చి చెవులు పట్టి లోపలికి లాక్కుపోయారు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి గిర్దావరు బండెక్కబోతున్నాడు. పెద్దనాయిన తమలపాకులు చేతిలో పట్టుకుని అరుగు మీద నిలబడి ఉన్నాడు. ఏసుపాదం ఆగాడు, డప్పు కొట్టాడు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చాటాడు.

"అబద్ధం!" జానమ్మ గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఆమె వెనక నేనూ అన్నాను. మా అమ్మ కిటికీలోంచి నన్ను చూసింది, రెక్క మూసింది.

"ఏసుగా, దాని నోరు మూయించు," అన్నాడు పెద్దనాయిన.

ఏసుపాదం చెమట తుడుచుకున్నాడు. నేల చూడకుండా పెద్దనాయిన మొహంలోకి చూసి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"హుకుం నాకిచ్చిండ్రు దొరా. దానికియ్యలే."

గిర్దావరు బండివాడికి తోలమని సైగ చేశాడు. డప్పు ముందుకు కదిలింది.

గొల్ల వీధిలో కాటయ్య పలుపు భుజాన వేసుకుని బయటే ఉన్నాడు. తెల్లారి కోదాడ సంతకు ఎద్దు కొనడానికి పోవాలని పలుపు సరిచూసుకుంటున్నాడు. చాటింపు మొత్తం కదలకుండా విన్నాడు. అబద్ధమన్న మాట కూడా విన్నాడు. జానమ్మ నేరుగా అతని గడప దగ్గరికి పోయింది.

"కాటయ్యా, నీ మంద మీద ఒట్టేసి చెప్పు. నా మొగడు కల్లు దాగి సాటిండా?"

కాటయ్య పలుపును ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "పైసలు వచ్చినయ్ గద జానమ్మా. ఇంకెందుకు..."

"నేనడిగింది పైసలా?"

అతను లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడైంది. పక్కింటివాళ్లు అది చూసి తమ తలుపూ వేశారు. ఆ పక్కన లింగమ్మ ఇల్లు. ఆమె గడపలో నిలబడి ఏసుపాదం వైపు చూసింది, నోరు తెరిచింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఆమె కూడా తలుపు దగ్గరికి లాగింది. వీధి పొడుగునా ఒకటొకటిగా తలుపులు మూసుకుంటూ పోయాయి, పట్టపగలు.

నాకు అయిపోయిందనిపించింది. జానమ్మ కూడా మొగుడి చెయ్యి పట్టుకుని, "పా పోదం, ఇనెటోల్లు లేరు," అంది.

కానీ మా దగ్గర ఒక రివాజు ఉంది. తలుపు వేసి ఉన్న ఇంటి ముందు చాటింపు రెండోసారి చెప్పాలి. లోపలి వాళ్లు వినలేదనే మాట రేపు రాకూడదని పాతవాళ్లు పెట్టింది. ఏసుపాదం భార్య చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. కాటయ్య తలుపు ముందుకు వెనక్కి వచ్చి నిలబడ్డాడు, సిర్ర ఎత్తాడు, మొదటి నుంచి మొదలుపెట్టాడు. తర్వాత పక్క తలుపు. తర్వాత లింగమ్మ తలుపు. ప్రతి తలుపు ముందూ ఆయన చెప్పినదంతా చెప్పాడు, ఆమె అనేదీ అంది. లోపల మనుషులున్నట్టు తెలుస్తూనే ఉంది. ఒకచోట గిన్నె జారిపడింది, ఒకచోట పసిపిల్ల ఏడిస్తే నోరు నొక్కారు. ఎవరూ తలుపు తీయలేదు. ఆ రోజు మా ఊళ్లో చాలా తలుపులు మూశారు. చాటింపు పొద్దు గూకేదాకా నడిచింది.